ప్రాపర్ ఛానెల్ పనికిరాని చోటు

ముందు నీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. బాలికల సంక్షేమ హాస్టల్‌లో కొత్తగా వార్డెన్‌గా చేరావు. ఆఫీసు నుంచి ‘బాలల రక్షణ హామీ పత్రం’ వచ్చింది, సంతకం చేసి పంపమన్నారు. సంతకం పెడితే రేపు ఏం జరిగినా నీ మెడకే చుట్టుకుంటుందేమోనని భయం. ఏదైనా బయటపడితే ముందు ఏఎస్‌డబ్ల్యూవో (సహాయ సాంఘిక సంక్షేమ అధికారి) మేడమ్‌కి చెప్పాలా, పోలీసులకా అన్నది రెండోది. అవుట్‌సోర్సింగ్ వంటమనిషి కొడుకు రోజూ పాల క్యాను పట్టుకుని కిచెన్ దాకా వస్తాడు, అతనికీ ఇవన్నీ వర్తిస్తాయా అన్నది మూడోది.

మా చిన్నమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నాది 31 ఏళ్ళ సర్వీసు. సగం వార్డెన్‌గా, సగం ఏఎస్‌డబ్ల్యూవోగా చేసి రిటైరయ్యాను.

మెడకు చుట్టుకునేది ఆ కాగితం కాదమ్మా. జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన రోజే చుట్టుకుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలని అందులో 19వ సెక్షన్ అంటుంది. ‘ఏ వ్యక్తి అయినా’ అంటుంది తప్ప ‘హామీ పత్రం మీద సంతకం పెట్టిన వ్యక్తి’ అనదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థకు ఇన్‌ఛార్జిగా ఉండి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే అది ఏడాది దాకా. హాస్టల్‌కి ఇన్‌ఛార్జి ఎవరంటే అందరి వేళ్ళూ నీవైపే చూపిస్తాయి.

ఇప్పుడు ఈ కాగితం ఎందుకొచ్చిందంటే, 2020 మార్చిలో వచ్చిన పోక్సో నిబంధనల్లో మూడోది చూడు. పిల్లల మీద హింసను ఏమాత్రం సహించకూడదన్న సూత్రంతో ప్రతి రాష్ట్రం ఒక బాలల రక్షణ విధానం తయారుచేయాలి, పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా దాన్ని అమలుచేయాలి అని ఉంటుంది. హాస్టళ్ళు, బడులు, క్రెష్‌లు, ఆటల అకాడమీలు అన్నీ అందులోకి వస్తాయి. ఈ హామీ పత్రాలన్నీ దాని పిల్లలే. కాబట్టి సంతకం పెట్టు. కానీ మన సర్వీసులో కాగితం మీద సంతకం ఎలా పెట్టాలో ఎవరూ నేర్పరు కాబట్టి నేను చెప్తాను. సంతకం కింద తేదీతో పాటు టైమ్ వెయ్యి. విడిగా ఒక లెటర్ రాసి జతచెయ్యి: వెనక ప్రహరీ ఎంత మేర కూలి ఉంది, ఎన్ని బాత్రూమ్ తలుపులకు లోపలి గడియ లేదు, రాత్రి వాచ్‌మన్ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, సీసీ కెమెరాల్లో ఎన్ని పనిచేస్తున్నాయి. అన్నీ లెక్కలతో రాయి. ‘సరైన సౌకర్యాలు లేవు’ అని రాస్తే దాన్ని ఎవరూ చదవరు. ‘పది బాత్రూముల్లో నాలుగింటికి గడియ లేదు’ అని రాస్తే ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. హామీ పత్రమంటే నువ్వొక్కదానివే ఇచ్చేది అనుకుంటారు. ఆ స్టాంపు పడితే ఆఫీసూ హామీ ఇచ్చినట్టే.

ఇక రెండో ప్రశ్న. నీ ప్రశ్న మొత్తంలో అసలైనది అదే.

మనం ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్చుకునే మాట ‘త్రూ ప్రాపర్ ఛానెల్’. సెలవు కావాలన్నా, బల్బు మార్చాలన్నా కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. పై అధికారికి తెలియకుండా వేరే డిపార్ట్‌మెంటుకు ఉత్తరం రాయడం మనకు తప్పు. ఎక్కడా చెప్పకుండానే ఇది ఒంట్లోకి ఇంకిపోతుంది. పిల్ల ఏదో చెప్పిందనగానే మన చెయ్యి ముందు మేడమ్ నంబరు వెతుకుతుంది. మేడమ్ చెయ్యి ఆవిడ పై అధికారి డీడీ (డిప్యూటీ డైరెక్టర్) గారి నంబరు వెతుకుతుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ రూలు పాటిస్తున్నామనే అనుకుంటారు. ఈ ఒక్క చోట మాత్రం ఆ రూలు లేదు. చట్టం చూసేది ఛానెల్‌ని కాదు, తెలిసిన మనిషిని.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చట్టం వచ్చిన కొన్నాళ్ళకి మాకు ఒక పూట ట్రైనింగ్ పెట్టారు. విన్నాను, నోట్సు కూడా రాసుకున్నాను. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే నా పరిధిలోని ఒక హాస్టల్ వార్డెన్ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసింది. ఏడో తరగతి పిల్ల హాస్టల్లో పనులు చేసే కామాటితో ఏదో చెప్పిందట, బోరు మోటారు బాగుచేయడానికి వచ్చే అతని గురించి. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “కంగారు పడకు, పొద్దున వస్తా, ప్రాథమిక విచారణ చేసి రిపోర్టు పెడదాం.” మర్నాడు పొద్దున వెళ్ళాను. అప్పటికే ఆ పిల్ల కామాటికి ఒకసారి, వార్డెన్‌కి ఒకసారి చెప్పింది. నాకు చెప్పింది. బడి హెడ్మిస్ట్రెస్ వచ్చి అడిగింది. పెద్దమనిషి హోదాలో సర్పంచి గారి భర్త వచ్చి కూర్చున్నాడు, ఆయనెందుకని నేను అడగలేదు. చివరికి తల్లిదండ్రులు. ఆరుసార్లు. ఆరోసారి చెప్పేటప్పటికి పిల్ల మాట తడబడింది, ముందు చెప్పిన రోజు సోమవారం అంది, తర్వాత మంగళవారం అంది. ఆ రోజు వేసుకున్న గౌను ఎవరో ఉతికి దండెం మీద ఆరేశారు. మూడో రోజు మేం స్టేషన్‌కి వెళ్ళేసరికి మోటారు మెకానిక్ ఊళ్ళో లేడు.

నాకు ఛార్జి మెమో వచ్చింది. ‘ప్రాపర్ ఛానెల్‌లో నివేదించితిని’ అని జవాబు రాశాను. విచారణాధికారి అది చదివి కళ్ళజోడు తీసి, “నువ్వు నివేదించింది డీడీకి. చట్టం చెప్పమంది పోలీసులకి” అన్నాడు. ఒక ఇంక్రిమెంటు పోయింది. అది సరే. పిల్ల ఆ నెలలోనే టీసీ తీసుకుని వెళ్ళిపోయింది.

అందుకే చెప్తున్నా. విషయం తెలిసిన గంటలో పోలీసులకు చెప్పు, అదే గంటలో మేడమ్‌కీ చెప్పు. కానీ మేడమ్ అనుమతి కోసం ఆగకు. ఆవిడ ‘రేపు చూద్దాం’ అంటే, ‘సరే మేడమ్, నేను స్టేషన్‌కి చెప్పేశాను, మీకు తెలియజేస్తున్నాను’ అను. వాట్సాప్‌లో ఆ మాట టైపు చేసి పంపు, టైముతో సహా ఉంటుంది. 112కి ఫోన్ చేయొచ్చు, చైల్డ్‌లైన్ 1098కీ చేయొచ్చు. అయినా రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు ఎస్‌హెచ్‌వోకి, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి ఇవ్వు. అది అందుకుంటే ఎంట్రీ నంబరు వేసి, రాసుకుని, నీకు చదివి వినిపించాలని చట్టంలోనే ఉంది. ఆ నంబరు అడిగి రాసుకో. ‘మా లిమిట్స్ కాదు’ అంటే వినకు, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర విచారణ పద్ధతి చట్టం, నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం పరిధితో పని లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలి.

నిజమో కాదో తేల్చకుండా ఎలా చెప్పాలి అంటావేమో. తేల్చే పని నీది కాదు, అది దర్యాప్తు అధికారిది, తర్వాత కోర్టుది. నమ్మకంతో, మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ ఉండదని 19వ సెక్షన్‌లోనే ఏడో ఉపవిభాగం రాసింది. కక్షతో తప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకే 22వ సెక్షన్, అదీ పిల్లలకు వర్తించదు.

చెప్పకపోతే ఏమవుతుందనడానికి ఒక కేసు గుర్తుపెట్టుకో. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక స్కూలు హాస్టల్‌లో గిరిజన బాలికల మీద అఘాయిత్యాలు జరిగాయి. వాళ్ళకు వైద్యం చేసిన డాక్టరు తెలిసీ చెప్పలేదని కేసు పెడితే, బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది చాలాసార్లు నేరస్తుణ్ణి కాపాడే ప్రయత్నమేనని చెప్పింది. ఆయన నేరం చేసినవాడు కాదు చూడు, చెప్పనివాడు.

ఇంకోటి, ఊళ్ళో రాజీ. ‘పెళ్ళి కావాల్సిన పిల్ల, పరువు పోతుంది, మేం మాట్లాడుకుంటాం’ అని తల్లిదండ్రులే నీ కాళ్ళావేళ్ళా పడతారు. వాళ్ళని తిట్టకు, వాళ్ళ భయం నిజమే. కానీ ఇది రాజీకి లొంగే కేసు కాదు. రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ టీచరు మీద ఉన్న కేసును బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి కేసు నడపమంది. ఆ సంగతి వాళ్ళకి మెల్లగా చెప్పు.

పిల్ల నీ దగ్గరకొచ్చి చెప్పిన క్షణం గురించి ఎవరూ రాయరు, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను. పిల్లలు ఎప్పుడూ ‘మేడమ్, నాకిలా జరిగింది’ అని కుర్చీ లాక్కుని చెప్పరు. ‘మేడమ్, నేను ఆ గదిలో పడుకోను’ అంటారు. స్టడీ అవర్‌లో కడుపునొప్పి అంటారు. ఆదివారం బయటికి తీసుకెళ్ళడానికి ఫలానా మామ వచ్చాడంటే గేటు దాకా రారు. అప్పుడు పిలిచి అడిగితే, తలుపు వేసుకోకు, ఇంకో ఆడ స్టాఫ్‌కి కనపడేలా కూర్చో, వినపడనంత దూరంలో. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడమ్’ అంటారు, ప్రతి పిల్లా అంటుంది. ఒట్టు వెయ్యకు. ‘నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తా, హాస్టల్లో ఎవరికీ తెలియదు’ అను. ‘ఎందుకు వెళ్ళావు’, ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న రెండు ప్రశ్నలూ నోట్లోకి వస్తాయి. మింగేసెయ్యి. ఒక్కసారే విను, చాలు. మళ్ళీ మళ్ళీ అడిగించకు.

రాసేటప్పుడు పిల్ల మాటే రాయి. మనకు ఆఫీసు తెలుగు అలవాటు. పిల్ల ‘బావ’ అంటే మనం ‘సమీప బంధువు’ అని రాస్తాం. ‘ఇక్కడ చెయ్యి పెట్టిండు’ అని చూపిస్తే ‘అసభ్యంగా ప్రవర్తించినాడు’ అని పేపరు భాషలో రాస్తాం. అంతే, పిల్ల చెప్పినది మొత్తం మాయమైపోయింది, రేపు కోర్టులో ఆ ముక్కకు ఏ అర్థమైనా తీయొచ్చు. ‘పెట్టిండు’ అంటే ‘పెట్టిండు’ అనే రాయి, ఏ చోటు చూపించిందో రాయి. కోయ పిల్లో లంబాడా పిల్లో అయితే తన భాషలో అన్న మాట అలాగే తెలుగు లిపిలో రాసి పక్కన అర్థం రాయి. స్టేట్‌మెంట్ తీసుకునేటప్పుడు అవసరమైతే దుబాసీని పెట్టాలని చట్టంలో ఉంది, అడుగు. ఆ బట్టలు ఉతకనివ్వకు, కాగితం సంచిలో పెట్టు.

తర్వాత జరిగేది పోలీసుల పని, అయినా నీకు తెలిసి ఉండాలి, పిల్ల పక్కన నువ్వే ఉంటావు కాబట్టి. 24 గంటల్లో వాళ్ళు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు చెప్పాలి. స్టేట్‌మెంట్ పిల్ల ఉన్నచోటో, కోరినచోటో తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లని పరీక్ష చేయాల్సింది లేడీ డాక్టరే. ఆసుపత్రి వాళ్ళు ‘పోలీసు రిక్విజిషన్ లేనిదే చూడం’ అంటే నిబంధనలు ఒప్పుకోవని చెప్పు. తెలంగాణలో బాధిత మహిళలకీ పిల్లలకీ పోలీసులు నడిపే భరోసా కేంద్రం దగ్గరలో ఉంటే ఈ పనులు చాలావరకు ఒకే కప్పు కింద అవుతాయి. బట్టలకీ, తిండికీ, దారి ఖర్చులకీ వెంటనే సాయం ఇప్పించే వీలు సమితికి ఉంది. తల్లిదండ్రులకు అది తెలియదు, నువ్వు అడిగించు.

నీ ప్రశ్నలో లేనిది ఒకటి: ఫోటోలు. పొద్దున టిఫిన్ ఫోటో, మధ్యాహ్నం కూర ఫోటో, సాయంత్రం స్టడీ అవర్ ఫోటో, అన్నీ గ్రూపులో పెట్టాలి కదా. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టావా? సరుకుల కాంట్రాక్టరు కూడా ఉండే గ్రూపులు నేను చూశాను. పళ్ళేల ఫోటో తియ్యి, ముఖాల ఫోటో వద్దు. కేసు ఏదైనా ఉంటే మాత్రం పిల్ల పేరు, ఊరు, బడి, ఫోటో ఏదీ బయటికి పొక్కకూడదు, 23వ సెక్షన్ దానికీ శిక్ష వేస్తుంది. ‘మా హాస్టల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి’ అని విలేకరితో అన్నా గుర్తుపట్టే ఊళ్ళు మనవి.

దెబ్బల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. గోడ కుర్చీ వేయించడం, ఎండలో నిలబెట్టడం, జుట్టు కత్తిరించడం క్రమశిక్షణ అని మా కాలంలో అనుకునేవాళ్ళం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండిటినీ నిషేధించింది. సంరక్షణ చూడాల్సిన సంస్థలో పనిచేసేవాళ్ళే క్రూరంగా ప్రవర్తిస్తే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. వంటమనిషి రాని రోజు పిల్లలతో చపాతీలు చేయించడం కూడా మానెయ్యి. ‘సరదాగా చేశారు’ అంటారందరూ. సరదా అయితే ఒక రోజు, వారానికి మూడు రోజులు కాదు. అన్నట్టు ఈ చట్టాలు మగపిల్లలకీ సమానమే, నీ బ్యాచ్‌లో బాయ్స్ హాస్టళ్ళకి వెళ్ళినవాళ్ళకి చెప్పు. అక్కడ పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్ళని ఏం చేస్తున్నారో చాలామంది చూడనే చూడరు.

ఫిర్యాదుల పెట్టె గురించి కూడా ఒక మాట. నేను తనిఖీకి వెళ్ళిన హాస్టళ్ళలో పెట్టె లేని హాస్టల్ లేదు, అందులో కాగితం ఉన్న హాస్టల్ దాదాపు లేదు. ఎందుకంటే పెట్టె వార్డెన్ గది తలుపు పక్కన, తాళంచెవి వార్డెన్ కొంగుకి. ఒకచోట మార్చి చూశాం. పెట్టెని బాత్రూములకు వెళ్ళే దారిలో పెట్టించాం, పక్కన దారంతో పెన్సిల్ కట్టాం, తాళంచెవి ఏఎన్‌ఎమ్‌కి ఇచ్చాం, వారానికోసారి ఆవిడే తెరవాలి. మొదటి వారం వచ్చిన కాగితాలన్నీ చారు నీళ్ళలా ఉందనే. రెండో నెలలో వచ్చింది ఒకటి, చారు గురించి కాదు.

ఇక మీ వంటమనిషి కొడుకు. వర్తిస్తుంది. నిబంధనల్లో టీచింగ్, నాన్‌టీచింగ్, రెగ్యులర్, కాంట్రాక్టు అన్న తేడా లేదు, పిల్లల దగ్గరికి వచ్చే ప్రతి ఉద్యోగికీ పోలీసు వెరిఫికేషన్ ఉండాలి, అదీ ఒకసారి చేసి వదిలేసేది కాదు, మధ్యమధ్యలో మళ్ళీ చేయాలి. ఏజెన్సీ ఇచ్చిన ఆధార్ జిరాక్సు వెరిఫికేషన్ కాదు. వెరిఫికేషన్ రిపోర్టు లేకుండా మనిషిని పంపొద్దని ఏజెన్సీకి రాసి కాపీ మీ ఆఫీసుకు పంపు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అన్న కూతురు అక్కడ ఆదివారం తెలుగు బడిలో ఊరికే పాఠాలు చెప్పడానికి కూడా పిల్లలతో పనిచేసేవాళ్ళ తనిఖీ కార్డు తీసుకోవాల్సి వచ్చింది. విని ముక్కున వేలేసుకున్నాను. మనం జీతం ఇచ్చేవాళ్ళకే చేయించం.

కానీ ఆ అబ్బాయి ఉద్యోగి కూడా కాడు. అతనికి వెరిఫికేషన్ అడగడం కాదు చేయాల్సింది, లోపలికి రావాల్సిన అవసరమే లేకుండా చేయడం. పాల క్యాను గేటు దగ్గర దించి వెళ్ళమను, వంటమనిషి వచ్చి తీసుకెళ్తుంది. ‘మా వాణ్ణి అనుమానిస్తున్నారా మేడమ్’ అని ఆవిడ ముఖం మాడ్చుకుంటుంది, ఖాయం. ‘నిన్నటి దాకా కరెంటు లైన్‌మన్ కూడా లోపలికొచ్చేవాడు, ఇవాళ్టి నుంచి రిజిస్టర్‌లో సంతకం పెట్టి, నేను పక్కనుంటేనే వస్తున్నాడు, మా ఆయనైనా అంతే’ అని చెప్పు. అన్నాక మీ ఆయన్ని నిజంగానే గేటు దగ్గర ఆపాలి మరి.